కొండకి బ్యాగు కొనడం: దర్జీ టేపు నుంచి సింహాచలం మెట్ల దాకా

పాత బ్యాగులో చెయ్యి పెడితే ముందు తగిలేది వాసన. నానిన రెక్సిన్‌లాంటి పుల్లటి వాసన. ఆ తర్వాత వేళ్ళకి జిగురు. గుడ్డ లోపలి వైపు పూత పొరలు పొరలుగా లేచిపోయి చొక్కాలకి, టార్చికి, బిస్కెట్ ప్యాకెట్టుకి తెల్లటి పొట్టులా అంటుకుంటోంది. బయటి నుంచి చూస్తే ఒక్క కుట్టు ఊడలేదు, రంగు వెలవలేదు. కొండలమీద తిరిగిన రోజులకన్నా అది బీరువా మీద పడుకున్న రోజులే ఎక్కువ. పాడైంది కూడా అక్కడే.

బ్యాగు గుడ్డకి లోపలి వైపు పాలీయురిథేన్ పూత వేస్తారు. షాపుల్లో పీయూ కోటింగ్ అంటారు. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది అదే. గాల్లో తేమ, దానికి తోడు వేడి ఉంటే నీటి అణువులు ఈ పూతలోని పొడుగాటి అణువుల గొలుసుల్ని మెల్లగా తెంపేస్తాయి. వాడినా వాడకపోయినా ఈ పని ఆగదు. విశాఖలో ఎండాకాలం ఉక్క, వానాకాలం ఉక్క, మధ్యలో సముద్రం గాలి. గాలాడని అటకమీద ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచిన బ్యాగు, వారం వారం వాడే బ్యాగుకన్నా ముందు చెడిపోతుంది. ఒకసారి జిగురు మొదలైతే మందు లేదు. వంటసోడా నీళ్ళతో రుద్ది పూతంతా ఊడగొట్టి, వాన పడని రోజుల్లో వాడుకోవచ్చు. అంతే.

అందుకని కొత్తది కొనేటప్పుడు రంగు, కంపెనీ, ఎన్ని జేబులు అనేవి చివరికి నెట్టేసి, మూడు ప్రశ్నలు ముందు పెట్టుకున్నాను. నా వెన్నుకి సరిపోతుందా? ఈ ఊరి గాలికి తట్టుకుంటుందా? రోజంతా కొండలో నడవడానికీ, తాడు వేసుకుని రాయి ఎక్కడానికీ ఒకటే బ్యాగు సరిపోతుందా?

దుకాణానికి వెళ్ళేముందు ఇంట్లో సామాను నేలమీద పరిచి కొక్కెం కాటాతో తూచాలి. అందాజాగా చెప్పుకుంటే ఎప్పుడూ తక్కువే చెప్పుకుంటాం. కంబాలకొండలో సగం రోజు నడకకి నీళ్ళు మూడు లీటర్లు, తిండి, వాన చొక్కా, టార్చి, మందుల డబ్బా కలిపి నాలుగున్నర కిలోలు దాటదు. డిసెంబరులోనో జనవరిలోనో వంజంగి, లంబసింగి వైపు ఒక రాత్రి ఉండాలంటే స్లీపింగ్ బ్యాగు 1.2 కిలోలు, పరుపు 400 గ్రాములు, ఇద్దరు పంచుకునే టెంటులో నా వాటా ఒకటిన్నర కిలో, స్వెట్టరుతో కలిపి బట్టలు కిలో, నీళ్ళు మూడు, మిగతా చిల్లర సామాను, అన్నీ కలిపి తొమ్మిది కిలోలకి దగ్గర. రాయి ఎక్కే రోజు లెక్క ఇంకో రకం. 60 మీటర్ల తాడు, 9.8 మిల్లీమీటర్ల మందంది, ఒక్కటే 3.8 కిలోలు. డజను క్విక్‌డ్రాలు, అంటే తాడు తగిలించడానికి రెండు చివరలా కొక్కేలుండే పట్టీలు, 1.2, నడుముకీ తొడలకీ కట్టుకునే హార్నెస్ 400 గ్రాములు, హెల్మెట్ 300, బిగుతు షూలు అరకిలో, ఎక్కేవాళ్ళ తాడుని కింద నుంచి పట్టి ఆపే బిలే సామాను 300, నీళ్ళు మూడు, తిండీ తదితరాలు కిలోపైన. పదిన్నర తేలింది. అంటే రాత్రి బసకన్నా రాయెక్కే రోజే బరువెక్కువ. పైగా ఆ బరువు చిన్న చోట దట్టంగా ఉంటుంది.

ఇక్కడే లీటర్ల మాట. పగటి నడకకి 20 నుంచి 30, ఒకటి రెండు రాత్రులకి 35 నుంచి 50, హిమాలయాల్లో వారం ట్రెక్కింగుకి 50 నుంచి 65 అని మామూలుగా చెప్పే లెక్క సరైనదే. కానీ లీటర్లు అన్ని కంపెనీలూ ఒకేలా కొలవవు. కొందరు బయటి నెట్ జేబులు కూడా కలిపి రాస్తారు, కొందరు కలపరు. ఒక కంపెనీ 40లో పట్టిన సామాను ఇంకో కంపెనీ 40లో పట్టకపోవడం మామూలే. అందుకని అంకె నమ్మకుండా సామానే తీసుకెళ్ళి వేసి చూడాలి. పెద్దది కొంటే చిన్న అవసరానికీ పనికొస్తుంది కదా అనే లెక్క కొండ దగ్గర తప్పుతుంది. 60 లీటర్ల బ్యాగులో ఐదు కిలోలు వేస్తే సామానంతా అడుక్కి జారి, నడిచినప్పుడల్లా నడుంమీద కొడుతుంది. ఖాళీ ఉంది కదాని ఇంకో జత బట్టలు, ఇంకో డబ్బా తిండి కుక్కడం వేరే సంగతి. నేను 38, 40 మధ్యలో ఆగాను. పక్క పట్టీలు లాగి బిగిస్తే సగం రోజు నడకకి పాతికలా కుదించుకోవచ్చు, తల మీది మూత ఎత్తి కట్టుకుంటే రాత్రి బసకీ చాలుతుంది.

ఇక వెన్ను కొలత. బ్యాగు సైజు మనిషి ఎత్తుని బట్టి ఉండదు, వెన్ను పొడవుని బట్టి ఉంటుంది. ఆరడుగుల మనిషికి కాళ్ళు పొడుగై వెన్ను పొట్టిగా ఉండొచ్చు. ఐదున్నర అడుగుల మనిషికి దానికి ఎదురుగా ఉండొచ్చు. కొలవడానికి దర్జీ టేపు, పక్కన ఇంకో మనిషి కావాలి. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకొస్తుంది. అది పై గుర్తు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకోవాలి, బొటనవేళ్ళు వెనక్కి. వేళ్ళు పక్కలనుంచి కిందికి జార్చుకుంటూ వస్తే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. రెండు బొటనవేళ్ళ మధ్య వెన్నుమీద ఒక గీత ఊహించుకుంటే అది కింది గుర్తు. నిటారుగా నిలబడ్డాక, వెన్ను వంపులోకి టేపు ఒదిగేలా ఈ రెంటి మధ్యా కొలవాలి. చాలామంది చేసే పొరపాటు, ప్యాంటు బెల్టు కట్టే చోటే తుంటి అనుకోవడం. మనం బెల్టు ఎముక పైఅంచుకి రెండు మూడు అంగుళాల కింద కడతాం. అక్కడిదాకా కొలిస్తే ఒక సైజు పెద్ద బ్యాగు ఇంటికొస్తుంది.

నాకు 46 సెంటీమీటర్లు వచ్చింది. సుమారుగా 40 నుంచి 45 వరకు చిన్న సైజు, 45 నుంచి 50 మీడియం, ఆపైన పెద్దది. అంచు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. వెనక పట్టీ జరుపుకునే ఏర్పాటున్న బ్యాగులు కొంచెం బరువు, ఖరీదూ ఎక్కువ. కానీ కొలత రెండు సైజుల మధ్యన పడ్డవాళ్ళకి, ఒకే బ్యాగు ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకునేవాళ్ళకి అవే మంచివి. ఆడవాళ్ళ కోసం చేసే బ్యాగుల్లో తేడా రంగు ఒక్కటే అనుకోకండి. వాటిలో వెన్ను పొట్టిగా ఉంటుంది, భుజం పట్టీలు దగ్గరగా ఉండి ఛాతీ పక్కనుంచి వంపు తిరుగుతాయి, నడుం బెల్టు తుంటి వాలుకి తగ్గట్టు ఏటవాలుగా ఉంటుంది. భుజాలు సన్నగా ఉన్న మగవాళ్ళకి కూడా అవి బాగా కుదురుతాయి. సిగ్గుపడే పనేం లేదు.

దుకాణంలో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే తెలిసేది అందం ఒక్కటే. ఖాళీగా ఉంటే అన్నీ హాయిగానే ఉంటాయి.

"బాబూ, లోపల వేసి చూడటానికి బరువేమైనా ఉందా?"

"డంబెల్స్ ఉన్నాయి సార్. అయినా ఇది ఫ్రీ సైజండి, ఎవరికైనా సరిపోద్ది."

డంబెల్స్ వద్దు. అవి అడుక్కి జారిపోయి, మంచి బ్యాగుని కూడా చెడ్డదిగా చూపిస్తాయి. ఇంటి నుంచి ఒక పాత దుప్పటి, తొమ్మిది లీటరు బాటిళ్ళు పట్టుకెళ్ళాను. లీటరు నీళ్ళు కిలో కాబట్టి లెక్క సులువు. దుప్పటి అడుగున, బాటిళ్ళు దాని మీద వెన్నుకి ఆనించి నిలబెట్టి, ముందు వైపు ఖాళీలో ఒక తువ్వాలు కుక్కితే అసలు సామాను సర్దినట్టే ఉంటుంది. అయితే తాడు కూడా ఉంటే పట్టుకెళ్ళండి, అది ఏ ఆకారానికి ఒదుగుతుందో బాటిళ్ళు చెప్పలేవు.

తర్వాత బిగించే వరస. ఇది తప్పితే ఎంత మంచి బ్యాగైనా భుజాలు కోస్తుంది. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యాలి. బ్యాగు తగిలించుకుని, భుజాలు కొంచెం పైకెత్తి, నడుం బెల్టు తుంటి ఎముక పైఅంచు దాని మెత్త మధ్యలోకి వచ్చేలా పెట్టి బిగించాలి. బెల్టు పొట్టమీద ఉంటే ఊపిరి పట్టేస్తుంది, తుంటికి కిందగా ఉంటే కాలు ఎత్తినప్పుడల్లా తొడ తగులుతుంది. క్లిప్పు పెట్టాక రెండు మెత్తల మధ్యా నాలుగు వేళ్ళ ఖాళీ అయినా మిగలాలి. పట్టీ చివరిదాకా లాగేశాక కూడా వదులుగా ఉంటే ఆ బెల్టు మనకి పెద్దది. ఒక ఎండాకాలం నడిచి రెండు కిలోలు తగ్గితే ఇంక బిగించడానికి చోటుండదు.

నడుం కుదిరాక భుజం పట్టీలు. వాటిని మోయడానికి బిగించకూడదు, బ్యాగు వెనక్కి పడకుండా ఆనించడానికి బిగించాలి. బరువులో మూడొంతులదాకా తుంటి మీదే ఉండాలి. ఇప్పుడు పక్కనున్నవాళ్ళని అడిగి ఒక పక్కనుంచి చూడమనాలి. పట్టీ భుజం మీదుగా ఖాళీ లేకుండా ఒదిగి, వెనక భుజం ఎముకల మధ్య బ్యాగుని కలవాలి. భుజం పైన పట్టీకీ ఒంటికీ మధ్య వేలు దూరే సందుంటే వెన్ను సైజు పెద్దదైంది. పట్టీ భుజాన్ని కిందికి నొక్కేస్తూ, నడుం బెల్టు పైకి పాకుతుంటే సైజు చిన్నదైంది. ఆ తర్వాత భుజం మీద నుంచి బ్యాగు పైభాగానికి పోయే సన్న పట్టీలు. లోడ్ లిఫ్టర్లు అంటారు. ఇవి సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. అడ్డంగా పడుకుని ఉంటే అవి లాగినా ఒకటే, లాగకపోయినా ఒకటే. చిన్న బ్యాగులకి ఇవి అలంకారానికే ఉంటాయి, అదేం లోపం కాదు. చివరికి ఛాతీ పట్టీ, కాలర్ ఎముకకి మూడు వేళ్ళ కింద. గట్టిగా బిగిస్తే ఊపిరాడదు, మెడ పట్టేస్తుంది. పట్టీలు చంకల వైపు జారకుండా ఆపితే చాలు.

అలా తొమ్మిది కిలోలతో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు తిరగాలి. మెట్లుంటే ఎక్కి దిగాలి, వంగి షూ లేసు కట్టుకోవాలి, ఒంటికాలిమీద నిలబడాలి. మొదటి ఐదు నిమిషాల్లో ఏ బ్యాగూ నొప్పి పెట్టదు. పదో నిమిషంలో చేతి వేళ్ళు తిమ్మిరెక్కితే భుజం పట్టీ చంక నరాన్ని నొక్కుతున్నట్టు. తుంటి మీద ఒకే చోట మంట పుడితే బెల్టు మెత్త అంచు గుచ్చుకుంటున్నట్టు. నడుం వంపులో ఏదో గట్టిగా తగిలితే లోపలి అల్యూమినియం బద్ద వంపు మన వెన్నుకి కుదరలేదు. కొన్ని బ్యాగుల్లో ఆ బద్ద బయటికి తీసి మోకాలి మీద పెట్టి కొంచెం వంచుకోవచ్చు. నేను తగిలించి చూసిన ఐదింటిలో రెండు పదో నిమిషంలోనే పక్కకి పోయాయి. అందులో ఒకటి అందరూ మెచ్చుకునే మోడలే. దాని తప్పేం లేదు, నా వెన్నుకి పొట్టి.

వీపు వైపు ఏముంది అన్నది ఈ ఊరివాళ్ళు ఎక్కువగా పట్టించుకోవాల్సిన విషయం. రెండు రకాలొస్తాయి. ఒకటి, లోపల వంపు తిరిగిన చట్రం, దానిమీద బిగించిన నెట్, మధ్యలో గాలాడే సందు. రెండోది, వీపుకి నేరుగా ఆనే మెత్త, మధ్యలో గాడి. చెమట లెక్కన చూస్తే మొదటిదే మేలు. కానీ దానికో ఖరీదుంది. సందు ఎంతుంటే బరువు అంత వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగిన బరువుకి సాటిగా మనం ముందుకి వంగుతాం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. చదునుగా ఉండే దారిలో ఐదారు కిలోలకి ఇది పెద్దగా తెలియదు. చేతులతో పట్టుకుని రాళ్ళెక్కే చోట మాత్రం బ్యాగు వెనక్కి లాగుతూ కాలు ఆనిన చోటునే అనుమానంలో పడేస్తుంది. పైగా వంపు చట్రం ఉన్న బ్యాగు లోపల తాడు చుట్ట సరిగ్గా ఒదగదు. నడక ఒక్కటే మీ పని అయితే నెట్ తీసుకోండి, రెండో ఆలోచన అక్కర్లేదు. రాయెక్కే పని కూడా ఉంది కాబట్టి నేను మెత్త వైపు మొగ్గాను. చెమటని బ్యాగు ఆపలేదు, దులిపితే ఆరిపోయే చొక్కా ఇంకొకటి పెట్టుకుంటే సరి.

మెత్తలో కూడా తేడా ఉంది. సోఫాలో వాడే స్పాంజిలాంటిది చెమట తాగి, ఆరక, రెండో రోజుకి కంపు కొడుతుంది. ఏడాదిలో పలచబడిపోతుంది. ఈవీఏ ఫోమ్ నీళ్ళు తాగదు, కొంచెం గట్టిగా ఉంటుంది. చూసే పద్ధతి: మెత్తని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. రెండో వేలు తగిలినట్టు అనిపిస్తే బరువు కింద కూడా అంతే. దుకాణంలో మెత్తగా, హాయిగా ఉన్న బ్యాగుకన్నా కొంచెం గట్టిగా ఉన్నదే ఆరో గంటలో హాయిగా ఉంటుంది.

గుడ్డ దగ్గర డెనియర్ అనే అంకె కనిపిస్తుంది. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే నూలు లావు, గుడ్డ బరువు. 210 డెనియర్ నైలాన్ రిప్‌స్టాప్, అంటే చిన్న చిన్న గళ్ళు కనిపించే నేత, నడకకి చాలు. రాయికి ఒరుసుకునే పనికి అడుగు భాగం 420 నుంచి 500 ఉండాలి. మన కొండల రాయి ఖొండలైట్. ఎండకీ వానకీ పొడిపొడిగా రాలుతూ, మధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలు తేలి ఉప్పుకాగితంలా ఉంటుంది. కూర్చోబెట్టిన బ్యాగుని ఒక్కసారి కిందికి ఈడిస్తే పలచటి అడుగు తెల్లబడిపోతుంది. అంకె ఒకటే అయితే రాపిడికి నైలాన్ గట్టిది. ఎండకి, తేమకి పాలియెస్టర్ కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. తడిసినా నైలాన్‌లా సాగదు. కాలేజీ బ్యాగుల్లో 600 డెనియర్ పాలియెస్టర్ అని రాసుంటుంది కదా, అంత పెద్ద అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. వదులు నేత అయితే వేలిగోరుతో గీకితే దారాలు పక్కకి జరుగుతాయి. జరిగితే ముళ్ళకంపకి కూడా జరుగుతాయి.

పూత సంగతి మొదట్లో చెప్పిందే. సిలికాన్ పూత ఉంటే మంచిది, తేమకి అది పీయూలా కరగదు. అలాంటివి తక్కువ దొరుకుతాయి, ఖరీదెక్కువ. పీయూ పూత బ్యాగే కొనాల్సి వస్తే తయారైన నెల, సంవత్సరం లేబుల్ మీద చూడాలి. సగం ధరకి ఇస్తున్నారని మూడేళ్ళుగా గోడౌన్‌లో ఉన్నది కొంటే, మూడేళ్ళ వయసు అప్పుడే అయిపోయినట్టు. జిప్పు తీసి లోపలి మూలలో ముక్కు పెట్టి వాసన చూడండి, గుడ్డని మడిచి, లోపలి వైపుకి లోపలి వైపు కలిపి నొక్కి విడదీయండి. చిటుక్కుమని అంటుకుని విడితే వద్దు. అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

జిప్పు అంకె దాదాపు పళ్ళ వెడల్పు, మిల్లీమీటర్లలో. రన్నర్ వెనక వైపు తిప్పి చూస్తే 5, 8, 10 అని ఉంటుంది. పెద్ద అరకి 8 అయినా ఉండాలి, చిన్న జేబులకి 5 చాలు. బాగా నడిచే జిప్పుల్లో వైకేకే పేరు అందరికీ తెలిసిందే. మూత కింద తాడుతో ముడి బిగించే బ్యాగుకి అసలు ప్రధాన జిప్పే ఉండదు. చెడిపోయే వస్తువు ఒకటి తగ్గింది. రాయెక్కేవాళ్ళు దాన్నే ఇష్టపడటానికి ఇది ఒక కారణం. అడుగున ఉన్న వస్తువు కోసం పైనుంచి అంతా తవ్వాల్సి రావడం దానితో వచ్చే తలనొప్పి. పక్కన పొడుగు జిప్పు కూడా ఉన్నది దొరికితే రెండూ కలిసొస్తాయి. ఎర్రమట్టి దిబ్బల వైపు, బీచ్ వైపు తిరిగితే సన్న ఇసుక పళ్ళలో చేరి రన్నర్‌ని అరగదీస్తుంది. జిప్పు వేసినా వెనకాల విచ్చుకుపోతుంటే పళ్ళు పోయాయని అనుకుంటాం. చాలాసార్లు అరిగి వదులైంది రన్నరే. దాని వెనక అంచు రెండు పక్కలా చిన్న పటకారుతో కొద్దికొద్దిగా నొక్కితే మళ్ళీ పట్టుకుంటుంది. ఒకేసారి గట్టిగా నొక్కితే విరుగుతుంది.

కుట్లు చూడాల్సింది ఒక్క చోటే అనుకున్నా పర్వాలేదు: భుజం పట్టీ పైన బ్యాగుని కలిసే చోటు. బరువు ఊపంతా అక్కడే పడుతుంది. జీన్స్ ప్యాంటు బెల్టు లూపుల దగ్గర దట్టంగా అడ్డంగా కుట్టినట్టుండే కుట్టుని దర్జీలు బార్‌టాక్ అంటారు. పట్టీ మొదట్లో అది ఉండాలి, లేదా పెట్టెలో ఇంటూ గుర్తు పెట్టినట్టు కుట్టుండాలి. పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజి, కుట్టు దగ్గర సన్న రంధ్రాలు విచ్చుకుంటున్నాయేమో చూడండి. తర్వాత బ్యాగుని లోపలికి తిప్పి గుడ్డ అంచులకి టేపు మడిచి కుట్టారో లేదో చూడండి. పచ్చి అంచు వదిలేస్తే దారాలు ఊడుతూ ఊడుతూ కుట్టు దాకా వచ్చేస్తాయి.

రాయెక్కే పనికి ప్రత్యేకంగా చూసుకున్నవి నాలుగు. హెల్మెట్ పెట్టుకుని తల వెనక్కి ఎత్తితే మూత తగలకూడదు. తగిలితే పైన పట్టు ఎక్కడుందో కనిపించదు. ఇది హెల్మెట్ లేకుండా తెలియదు, కాబట్టి దుకాణానికి అదీ పట్టుకెళ్ళాలి. నడుం బెల్టు ఊడదీసుకునేలా గానీ వెనక్కి తిప్పి కట్టుకునేలా గానీ ఉండాలి, లేకపోతే హార్నెస్ మీద బెల్టు మెత్త కూర్చుని దానికి సామాను తగిలించుకునే గేర్ లూపులకి చెయ్యి అందదు. బ్యాగుని తాడుతో పైకి లాగడానికి పైన ఉండే లూపు గట్టి కుట్టుతో ఉండాలి. చివరిది, వెడల్పు. మోచేతులు వెనక్కి ఊపితే బ్యాగు తగలకూడదు. పక్కల ఉబ్బెత్తు జేబులున్న బ్యాగు ఇరుకు సందుల్లో ఇరుక్కుంటుంది. తాడు మూత కింద పట్టీతో కట్టుకునే ఏర్పాటు దాదాపు అన్నిటికీ ఉంటుంది. భువనగిరి గుట్టలాంటి చోటికి రైల్లో వెళ్ళేటప్పుడు మాత్రం తాడు లోపలే పెట్టండి. సీటు కింద నూనె, మట్టి ఏమేం ఉంటాయో మనకి తెలుసు.

కొన్నాక, లేబుల్ తెంపకుండా, సింహాచలం మెట్లమీద పరీక్ష. వెయ్యికి పైగా ఉన్న మెట్లు, తెల్లవారుజామున, అవే తొమ్మిది బాటిళ్ళు. సగందాకా నడుం బెల్టు బిగించి, మిగతా సగం వదులు చేసి ఎక్కితే తేడా చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. బెల్టు వదలగానే మెడ పక్క కండరం లాగడం మొదలైంది. దిగేటప్పుడు బ్యాగు పైభాగం పక్కకి ఊగుతోంది, లోడ్ లిఫ్టర్లు వేలెడు లాగితే ఆగింది. ఎక్కేటప్పుడు వాటిని కొంచెం వదులుగా, దిగేటప్పుడు బిగుతుగా పెట్టుకోవాలని అక్కడే తేలింది. ఇంటికొచ్చి అద్దంలో చూస్తే భుజాలమీద ఎర్రటి గీతలు లేవు, తుంటిమీద రెండు పక్కలా సమానంగా ఎరుపు. ఎరుపు ఒక పక్కే ఉంటే పట్టీల పొడవు సమానంగా లేనట్టు. మొదటి రెండు మూడు ఇంటి పరీక్షలు అయ్యేదాకా బిల్లు పారేయకండి, మట్టి అంటించకండి.

వానకి బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్‌ని నమ్ముకోవద్దు. వీపు వైపు అది మూయదు, అక్కడి నుంచి కారిన నీళ్ళు కవర్ అడుగునే చేరి బ్యాగుని నానబెడతాయి. కొండ మీద గాలికి అది తెరచాపలా లేస్తుంది. లోపల ఒక మందపాటి పాలిథీన్ సంచి వేసి, సామానంతా అందులో పెట్టి, మూతి మెలిపెట్టి మడిస్తే చాలు. బయటి గుడ్డ తడిస్తే తడవనీ. సర్దేటప్పుడు బరువైనది వెన్నుకి దగ్గరగా, భుజం ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. తాడు, నీళ్ళు అక్కడికే పోవాలి. రాళ్ళెక్కే రోజు బరువుని ఇంకొంచెం కిందికి దించుకుంటే ఒళ్ళు తూలదు.

ఇంటికొచ్చాక చేసే పనే ఈ ఊళ్ళో బ్యాగు ఆయుష్షుని నిర్ణయిస్తుంది. చెమట ఉప్పు, సముద్రం ఉప్పు రెండూ పట్టీల్లో గడ్డకడతాయి. ఆ రోజే మంచినీళ్ళ తడిగుడ్డతో పట్టీలు, వీపు మెత్త తుడవాలి. రెండు నెలలకోసారి బకెట్టు గోరువెచ్చటి నీళ్ళలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో చేత్తోనే కడగాలి. వాషింగ్ మెషిన్‌లో వేస్తే పూత పొరలు లేస్తాయి, బకిళ్ళు పగులుతాయి. ఎండలో కాదు, ఫ్యాను కిందో నీడలోనో, జిప్పులన్నీ తెరిచి, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టాలి. వీపు మెత్త ఆరడానికి వానాకాలంలో రెండు రోజులు పడుతుంది. పూర్తిగా ఆరిందనుకుని అటకెక్కిస్తే మూడో వారానికి నల్లటి బూజు చుక్కలు. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు. పాత పిల్లో కవర్ వేసి, గాలి తగిలే గదిలో గోడ మేకుకి తగిలిస్తే చాలు. జిప్పుకి కొవ్వొత్తి ముక్కతో ఒక గీత గీసి రన్నర్ నాలుగుసార్లు అటూ ఇటూ నడిపితే ఉప్పు పట్టదు.

మూత జేబులో ఎప్పుడూ ఉండేవి: కుట్టు విప్పకుండా ఎక్కించుకునే రకం పాతిక మిల్లీమీటర్ల బకిల్ ఒకటి, లావు సూది, మైనం పూసిన నైలాన్ దారం, నీళ్ళ బాటిల్‌కి చుట్టిన డక్ట్ టేప్. నడుం బకిల్ వెడల్పు వేరు, అది 38 కావచ్చు. మీ దాని పట్టీ కొలుచుకుని రెండు రకాలూ పెట్టుకోండి. బస్సులో కాలి కింద పడి పగిలేది ఎప్పుడూ ఆ నడుం బకిలే. పట్టీ మొదట్లో కుట్టు ఊడితే ఇంటి మిషన్ సూది దానికి దిగదు. చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, తోలు సంచులకి వాడే నైలాన్ దారంతో, పాత రంధ్రాల్లోంచే కాకుండా పక్కనే కొత్త వరస వేయమని చెప్పాలి.

రెండు వానాకాలాలు గడిచాక ఇప్పటివరకు నా బ్యాగులో పోయింది ఒక్కటే, ఎడమ వైపు బాటిల్ పెట్టుకునే నెట్ జేబు. కంబాలకొండ దారిలో రేగుముల్లు పట్టుకుని లాగేసింది. నెట్ జేబు ఉన్న ఏ బ్యాగుకైనా ముందు చిరిగేది అదే. గుడ్డతో కుట్టిన పక్క జేబులున్నది దొరికితే ఇంకో వంద గ్రాములు బరువెక్కువైనా అదే తీసుకోవాల్సింది. చిరుగు రెండు వేళ్ళంత ఉంది. బాటిల్ ఇంకా జారడం లేదు కాబట్టి కుట్టించలేదు.